జ్వరం తగ్గాక పిల్లల్లో వచ్చే కిడ్నీ, రక్త సమస్యలు: ఇంట్లో ఏం చూడాలి, ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి

పిల్లాడికి నాలుగు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. అన్నం తింటున్నాడు, బడికి కూడా వెళ్తున్నాడు. రెండు వారాల తర్వాత ఒక ఉదయం మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. ఇంకో ఇంట్లో పాప నిద్ర లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు. మరో ఇంట్లో కాళ్ల మీద ఎర్రటి చుక్కలు. మన ఇళ్లలో ఇలాంటప్పుడు ముందు వినిపించే మాట "వేడి చేసింది" అని. సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు, మజ్జిగ మొదలవుతాయి. కళ్ల ఉబ్బు ఎక్కువ నిద్ర వల్ల అనుకుంటాం. చుక్కలను దోమకాటు అనుకుంటాం.

చాలాసార్లు అది నిజమే కావచ్చు. వైరల్ జ్వరం వచ్చిన పిల్లల్లో ఎక్కువ మంది ఏ ఇబ్బందీ లేకుండా కోలుకుంటారు. కానీ కొద్దిమందిలో అసలు సమస్య జ్వరం పోయాకే మొదలవుతుంది. అది కిడ్నీల మీదనో, రక్తం గడ్డకట్టే పద్ధతి మీదనో, రెండింటి మీదనో పడుతుంది. ఆ కొద్దిమందిని వేళకు గుర్తించడానికి ఇంట్లో ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. మూత్రం, ముఖం, చర్మం. ఈ మూడింటినీ జ్వరం తగ్గిన తర్వాత కనీసం ఆరు వారాలు గమనిస్తే చాలు. ఎలా గమనించాలో, ఏ లక్షణం దేనికి గుర్తో, ఎప్పుడు ఆలస్యం చేయకూడదో ఇక్కడ ఒక్కచోట ఇస్తున్నాం.

వైరస్ పోయాక ఇబ్బంది ఎందుకు?

ఒంట్లోకి వైరస్ రాగానే రోగనిరోధక వ్యవస్థ దానితో పోరాడేందుకు యాంటీబాడీలను తయారు చేస్తుంది. కొందరు పిల్లల్లో ఆ పోరాటం గురి తప్పుతుంది. వైరస్ మీద పడాల్సిన దెబ్బ సొంత ప్లేట్‌లెట్ల మీద, సన్నటి రక్తనాళాల గోడల మీద, కిడ్నీలోని జల్లెడల మీద పడుతుంది.

ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల సన్నటి జల్లెడలు ఉంటాయి. ఒక్కో జల్లెడ అంటే వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాల ఉండ. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. అందుకే రక్తనాళాలకు వాపు వచ్చినా, వాటిలో రక్తం గడ్డలు కట్టినా కిడ్నీకి త్వరగా దెబ్బ తగులుతుంది. జల్లెడ పాడైతే రక్తకణాలు, ప్రోటీన్ మూత్రంలోకి కారిపోతాయి. కిడ్నీ సమస్య, రక్తం సమస్య తరచూ జంటగా కనిపించడానికి కారణం ఇదే.

ఏది ఎప్పుడు వస్తుంది?

జ్వరం ఏ రోజు మొదలైంది, ఏ రోజు తగ్గింది అనేది క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. సమస్యలు వచ్చే కాలం సుమారుగా ఇలా ఉంటుంది.

- జ్వరం తగ్గుతున్న రోజు నుంచి 2 రోజుల లోపు: డెంగ్యూలో ప్రమాద దశ
- జలుబుతో పాటే, లేదా కొద్ది రోజుల్లోనే: నెఫ్రోటిక్ సిండ్రోమ్ తిరగబెట్టడం
- 1 నుంచి 4 వారాల్లో: ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఐటీపీ
- 1 నుంచి 3 వారాల్లో: కాళ్ల మీద ఎర్రటి మచ్చలు, ఐజీఏ వాస్కులైటిస్. ఇందులో కిడ్నీ మీద ప్రభావం ఆరు నెలల వరకూ కనిపించవచ్చు
- 2 నుంచి 6 వారాల్లో: కోవిడ్ తర్వాత వచ్చే ఎంఐఎస్-సి

డెంగ్యూ: జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త

డెంగ్యూలో సాధారణంగా 3వ రోజు నుంచి 7వ రోజు మధ్య జ్వరం తగ్గుతుంది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకునే సమయం అది. ప్రమాద దశ మొదలయ్యేది కూడా అప్పుడే. ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లో రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, బీపీ తగ్గుతుంది. కిడ్నీలకు రక్తం అందక మూత్రం తగ్గిపోతుంది.

కడుపులో నొప్పి ఎక్కువ కావడం, ఆగని వాంతులు, చిగుళ్లు లేదా ముక్కు నుంచి రక్తం, పిల్లాడు మగతగా లేదా చిరాకుగా ఉండటం, చేతులు కాళ్లు చల్లబడటం, 6 గంటలపాటు మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా "జ్వరం లేదుగా" అని ఆగకూడదు.

ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి భయపడటం కూడా సరికాదు. డెంగ్యూలో పిల్లలను కాపాడేది ముఖ్యంగా వేళకు, తగు మోతాదులో ఇచ్చే ద్రవాలు. రక్తస్రావం లేనప్పుడు అంకె తగ్గిందన్న ఒక్క కారణంతో ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. బొప్పాయి ఆకు రసం ఈ ద్రవాలకు బదులు కాదు. వాంతులవుతున్న పిల్లాడికి అది తాగిస్తే వాంతులు ఇంకా పెరగవచ్చు.

ఐటీపీ: ఉన్నట్టుండి కమిలిన మచ్చలు

ఇది ఎక్కువగా 2 నుంచి 5 ఏళ్ల పిల్లల్లో కనిపిస్తుంది. జలుబో, జ్వరమో వచ్చి తగ్గిన కొన్ని వారాలకు, చక్కగా ఆడుకుంటున్న పిల్లకు ఒక్కసారిగా ఒంటి మీద నీలం మచ్చలు, గుండుసూది మొనంత ఎర్ర చుక్కలు వస్తాయి. మామూలుగా రక్తంలో ప్లేట్‌లెట్లు ఒక మైక్రోలీటరుకు 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉంటాయి. ఐటీపీలో అవి 20 వేల కంటే కిందికి కూడా పడిపోవచ్చు. మిగతా రక్తకణాలు మామూలుగానే ఉంటాయి.

ఇంట్లో చిన్న పరీక్ష చేయవచ్చు. గాజు గ్లాసును చుక్కల మీద గట్టిగా నొక్కి, గాజు లోంచి చూడండి. మామూలు దద్దు, దోమకాటు ఎరుపు నొక్కితే మాయమవుతాయి. చర్మం లోపల రక్తం చిమ్మిన చుక్కలు నొక్కినా పోవు. నొక్కినా పోని చుక్కలు కనిపిస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. వాటితో పాటు జ్వరం కూడా ఉండి పిల్లాడు నీరసంగా కనిపిస్తే ఆ నిమిషమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెదడుపొర వాపు వంటి తీవ్రమైన ఇన్ఫెక్షన్లలోనూ ఇలాంటి చుక్కలు వస్తాయి.

ఊరట కలిగించే సంగతి కూడా ఉంది. ఐటీపీ వచ్చిన పిల్లల్లో దాదాపు 80 శాతం మందికి ఆరు నెలల లోపు అదే తగ్గిపోతుంది. చర్మం మీద మచ్చలు తప్ప వేరే రక్తస్రావం లేకపోతే చాలామందికి మందులు కూడా ఇవ్వరు, కనిపెట్టి ఉంటారు. నోట్లో, ముక్కులో రక్తం ఆగకపోతే స్టెరాయిడ్లు గానీ ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ గానీ ఇస్తారు. మెదడులో రక్తస్రావం చాలా అరుదు. అయినా తలకు దెబ్బ తగిలినా, తలనొప్పి తీవ్రంగా ఉన్నా వెంటనే వెళ్లాలి. ప్లేట్‌లెట్లు పెరిగేవరకు సైకిలు, చెట్లెక్కడం, దెబ్బలు తగిలే ఆటలు మానిపించాలి.

ఐజీఏ వాస్కులైటిస్: మచ్చలు పోయినా మూత్ర పరీక్ష ఆపకూడదు

ఆసుపత్రి కాగితాల్లో దీన్ని హెచ్‌ఎస్‌పీ అని పాత పేరుతో కూడా రాస్తారు. 3 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ. జలుబు, గొంతునొప్పి తర్వాత వస్తుంది. పిరుదుల మీద, కాళ్ల మీద చేతికి తగిలేలా ఉబ్బిన ఎర్రటి, ఊదా రంగు మచ్చలు దీని గుర్తు. మోకాళ్లు, చీలమండలు వాచి నొప్పెడతాయి. కడుపునొప్పి మెలిపెట్టినట్టు వస్తుంది. ఒక్కోసారి మలంలో రక్తం పడుతుంది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు మామూలుగానే ఉంటాయి. ఐటీపీకీ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇది.

మచ్చలు, నొప్పులు సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. మన ఇళ్లలో పొరపాటు జరిగేది అక్కడే. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి కిడ్నీ మీద ఎంతో కొంత ప్రభావం ఉంటుంది. అది ఎక్కువగా మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లో బయటపడుతుంది. కొందరిలో ఆరు నెలల లోపు ఎప్పుడైనా రావచ్చు. నొప్పి ఉండదు, మూత్రం రంగు కూడా మారకపోవచ్చు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

అందుకే ఆరు నెలల వరకు మూత్ర పరీక్ష, బీపీ చూపించాలి. మొదటి రెండు నెలలు తరచుగా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో. ఆ ఖర్చు చాలా తక్కువ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా అయిపోతుంది. ఎక్కువ మంది పిల్లల్లో కిడ్నీ పూర్తిగా బాగవుతుంది. మిగిలిన కొద్దిమందిలో వేళకు మందు మొదలుపెడితే కిడ్నీని కాపాడవచ్చు.

నెఫ్రోటిక్ సిండ్రోమ్: జలుబు వస్తే తిరగబెట్టే జబ్బు

ఉదయం లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి కాళ్లలో వాపు, మూత్రంలో సబ్బు నురగలాంటి నురగ. ఇవి దీని గుర్తులు. మూత్రంలో ప్రోటీన్ విపరీతంగా పోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఎక్కువగా 2 నుంచి 6 ఏళ్ల మధ్య మొదలవుతుంది. "ఒళ్లు చేశాడు" అని సంతోషించే ఇళ్లు కూడా ఉంటాయి. నాలుగైదు రోజుల్లో బరువు పెరిగితే అది ఒళ్లు కాదు, నీరు.

ఈ జబ్బుకు, రక్తం గడ్డకట్టడానికి నేరుగా సంబంధం ఉంది. రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా చూసే యాంటీత్రాంబిన్ అనే ప్రోటీన్ కూడా మూత్రంలో పోతుంది. పైగా రక్తం చిక్కబడుతుంది. దాంతో కాలి నరాల్లో, కిడ్నీ నరాల్లో, అరుదుగా మెదడు నరాల్లో గడ్డలు కట్టవచ్చు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టడం, నడుము పక్కన నొప్పితో మూత్రంలో రక్తం, తీవ్రమైన తలనొప్పితో వాంతులు, ఫిట్స్, ఆయాసం వస్తే అత్యవసరంగా తీసుకెళ్లాలి.

పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది పిల్లలకు ప్రెడ్నిసలోన్ మాత్రలతో ప్రోటీన్ పోవడం ఆగుతుంది. కానీ చాలామందికి జలుబో, జ్వరమో వచ్చినప్పుడు తిరగబెడుతుంది. అలాంటి పిల్లలున్న ఇంట్లో మూత్రం పరీక్షించే కాగితపు పట్టీలు ఉంచుకోవాలి. రోజూ ఉదయం మొదటి మూత్రం చూసి నోటు పుస్తకంలో రాయాలి. వరుసగా మూడు రోజులు 3 ప్లస్ లేదా అంతకంటే ఎక్కువ వస్తే జబ్బు తిరగబెట్టినట్టే. జలుబు మొదలైన రోజే డాక్టరుకు ఫోను చేసి మాత్రల మోతాదు అడగండి. వాపు తగ్గిందని స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా ఆపడం ప్రమాదం.

హెచ్‌యూఎస్: అరుదు, కానీ గంటలు లెక్కపెట్టాల్సిన జబ్బు

ఇందులో సన్నటి రక్తనాళాల్లో చిన్న చిన్న గడ్డలు కడతాయి. వాటి మధ్య నుంచి వెళ్లే ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. ప్లేట్‌లెట్లు ఆ గడ్డల్లోనే ఖర్చైపోతాయి. కిడ్నీ పనిచేయడం ఆగుతుంది. పిల్లాడు పాలిపోతాడు, మూత్రం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది, ఒళ్లు వాస్తుంది. 1955లో స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు కాన్రాడ్ గాసర్ ఈ మూడు లక్షణాలనూ కలిపి మొదటిసారి వివరించారు.

రక్త విరేచనాల తర్వాత వచ్చే రకం బ్యాక్టీరియా వల్ల వస్తుంది. విరేచనాలు లేకుండా, ఫ్లూ వంటి జ్వరం తర్వాత వచ్చే రకం కూడా ఉంది. మన దేశంలో ఈ రెండో రకం వచ్చిన పిల్లల్లో చాలామందికి ఫ్యాక్టర్ హెచ్ అనే రక్షక ప్రోటీన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై ఉంటాయి. అలాంటివారికి ప్లాస్మా మార్పిడి, రోగనిరోధక శక్తిని అదుపు చేసే మందులు ఎంత త్వరగా మొదలైతే కిడ్నీ అంత బాగా కోలుకుంటుంది. జ్వరం తర్వాత పిల్లాడు పాలిపోయి, మూత్రం తగ్గితే మామూలు క్లినిక్‌ల చుట్టూ తిరగకుండా డయాలసిస్ సౌకర్యం ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి.

కోవిడ్ నేర్పిన సంగతి

2020 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో పిల్లల వైద్యులు ఒక కొత్త లక్షణాల గుంపును గుర్తించారు. కోవిడ్ సోకిన 2 నుంచి 6 వారాలకు పిల్లల్లో మళ్లీ ఎక్కువ జ్వరం, ఎర్రబడిన కళ్లు, దద్దు, కడుపునొప్పి, గుండె బలహీనపడటం, రక్తం గడ్డకట్టే పరీక్షల్లో తేడాలు. దీనికి ఎంఐఎస్-సి అని పేరు పెట్టారు. అదే ఏడాది ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి పరిశోధకులు, కోవిడ్ స్వల్పంగా వచ్చిన పిల్లల్లో కూడా సన్నటి రక్తనాళాలు దెబ్బతింటున్న గుర్తులు రక్తంలో కనిపించాయని వెల్లడించారు. ఎంఐఎస్-సి ఇప్పుడు అరుదైంది. కానీ అది నేర్పిన సంగతి అన్ని వైరల్ జ్వరాలకూ పనికొస్తుంది: జ్వరం తగ్గి కొన్ని వారాలయ్యాక మళ్లీ ఎక్కువ జ్వరం వస్తే దాన్ని పాత జ్వరంలో మిగిలిన ముక్క అనుకోకూడదు.

వైరస్ అనుకుని పొరపడే ఇంకొకటి

గొంతునొప్పి తర్వాత 1 నుంచి 2 వారాలకు, లేదా చర్మం మీద చీము పుండ్లు వచ్చిన 3 నుంచి 6 వారాలకు మూత్రం కోలా రంగులో వస్తే అది స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా తర్వాత వచ్చే కిడ్నీ వాపు కావచ్చు. ఇందులో బీపీ బాగా పెరిగి ఫిట్స్ రావచ్చు. ఎక్కువ మంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు. డాక్టరుకు గొంతునొప్పి, పుండ్ల సంగతి కూడా చెప్పండి.

ఇంట్లో చేయాల్సినవి, చేయకూడనివి

- ఉదయం మొదటి మూత్రాన్ని వారానికి రెండు మూడుసార్లు గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడండి. లేత పసుపు మంచిది. ముదురు పసుపు నీళ్లు తాగాక తేలికపడుతుంది. టీ, కోలా, ఎరుపు రంగు నీళ్లు తాగినా పోదు.
- స్నానం చేయించేటప్పుడు కాళ్లు, పిరుదులు, నోటి లోపల చూడండి.
- జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వాడండి. మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య కనీసం 6 గంటలు.
- ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ డాక్టరు చెప్పకుండా వేయవద్దు. ఇవి ప్లేట్‌లెట్ల పనిని, కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. మందుల షాపులో ఇచ్చే సిరప్‌లలో పారాసెటమాల్‌తో కలిపి కూడా ఉంటాయి. సీసా మీద పేర్లు చదివించుకోండి.
- ఒళ్లు వాచిన పిల్లాడికి "వేడి తగ్గాలి" అని నీళ్లు బలవంతంగా తాగించవద్దు. ఉప్పు తగ్గించండి. ఆవకాయ, అప్పడాలు, చిప్స్ ఆపండి.
- ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వంచకూడదు. కూర్చోబెట్టి, ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి.

మొదట చేయించాల్సిన పరీక్షలు నాలుగే: పూర్తి రక్త పరీక్ష, మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, పిల్లల పట్టీతో బీపీ. పెద్దల పట్టీతో కొలిస్తే పిల్లల బీపీ తప్పుగా వస్తుంది. పిల్లల పట్టీ ఉందా అని అడగడానికి మొహమాటపడవద్దు.

ఆసుపత్రిలో చెప్పాల్సిన మాట

తరాలుగా ఇక్కడే ఉన్నా, పిల్లల జబ్బు సంగతి వచ్చేసరికి మన నోట తెలుగే వస్తుంది. తల్లిదండ్రులు పనికి వెళ్లినప్పుడు పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లేది అమ్మమ్మో, తాతయ్యో. "నీరు పట్టింది", "ఒంటికి వెళ్లడం లేదు" అంటే అక్కడి నర్సుకు అర్థం కాకపోవచ్చు. ఈ రెండు మాటలు ఇంట్లో అందరికీ నేర్పండి.

"మూత్రంలో రక్తం పడుతోంది":
- కన్నడం: మూత్రదల్లి రక్త బరుత్తిదె
- తమిళం: సిరునీరిల్ రత్తం వరుదు
- ఒడియా: పరిస్రారె రక్త పడుఛి
- మరాఠీ: లఘవీతూన్ రక్త యేతంయ్

"ముఖం వాచింది":
- కన్నడం: ముఖ ఊదికొండిదె
- తమిళం: ముగం వీంగియిరుక్కు
- ఒడియా: ముహఁ ఫులిఛి
- మరాఠీ: చేహరా సుజలా ఆహే

పిల్లల కిడ్నీ చికిత్స అన్ని ఊళ్లలో దొరకదు. బెంగళూరులో ఇందిరాగాంధీ పిల్లల ఆరోగ్య సంస్థ, చెన్నై ఎగ్మూరులోని పిల్లల ఆసుపత్రి, వెల్లూరు సీఎంసీ, కటక్‌లోని శిశు భవన్, ముంబై పరేల్‌లోని వాడియా పిల్లల ఆసుపత్రి పిల్లల వైద్యానికి పేరున్నవి. బరంపురం వాళ్లకు ఎంకేసీజీ వైద్య కళాశాల, షోలాపూర్ వాళ్లకు అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, యానాం వాళ్లకు కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. ఆయుష్మాన్ కార్డు ఉంటే పథకంలో చేరిన ఆసుపత్రుల్లో సొంత రాష్ట్రం దాటి కూడా చెల్లుతుంది. కార్డు, పిల్లాడి ఆధార్, పాత చీటీలు ఒకే సంచిలో పెట్టుకోండి. అంబులెన్సుకు 108.

ఇంటికి వచ్చాక

డిశ్చార్జి కాగితం మీద తర్వాతి మూత్ర పరీక్ష తేదీ రాయించుకోండి. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకున్న పిల్లలకు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు వాడుతున్న పిల్లలకు తట్టు వంటి కొన్ని టీకాలు కొన్ని నెలలు వాయిదా వేయాల్సి ఉంటుంది. టీకా వేసే నర్సుకు ఆ సంగతి చెప్పండి. బడిలో టీచరుకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి, పిల్లాడు మూత్రానికి వెళ్తానంటే ఆపవద్దని.

ఈ జబ్బుల్లో చాలావాటికి మందు ఉంది, పిల్లలు కోలుకుంటారు. తేడా వచ్చేది ఎన్ని రోజులు ఆగామన్న దగ్గర. "వేడి చేసింది" అన్న అమ్మమ్మ మాటను కొట్టిపారేయమని మేము అనడం లేదు. బార్లీ నీళ్లు ఇస్తూనే, ఆ రోజే ఒక మూత్ర పరీక్ష కూడా చేయించమని అంటున్నాం.